‘త్యాగమూర్తి’ అని రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్న సంగతి

మీ మేనత్తగారు పోయి నెల కావస్తోందనీ, వచ్చే ఆదివారం ఊళ్ళో జరిగే సంస్మరణ సభలో ఐదు నిమిషాలు మాట్లాడమని మిమ్మల్ని కోరారనీ, కాగితం ముందు పెట్టుకుంటే ‘త్యాగమూర్తి’, ‘ప్రేమమూర్తి’, ‘అందరికీ తలలో నాలుక’ అన్న మాటలు తప్ప మరేమీ తోచడం లేదనీ రాశారు. ఇంతకుముందు ఈ పని నెత్తిన పడినవారు ఏం చేశారో చెప్పమన్నారు. 2018లో మా మేనత్త పోయినప్పుడు నాకు సరిగ్గా ఇదే పని పడింది. నేను రాసుకున్న కాగితంలో కూడా సరిగ్గా ఆ మూడు మాటలే ఉన్నాయి. ఆ కాగితం నేను చదవలేదు. ఎందుకు చదవలేదో చెబితే మీకు కొంత దారి దొరకవచ్చు.

మా అత్తయ్య మా నాన్నగారికి అక్క. 1937లో పుట్టింది. ఇరవై ఏడో ఏట భర్త పోయాక, పిల్లలు లేకపోవడంతో, అత్తింటివారు మనోవర్తి కింద రాసిచ్చిన నలభై మూడు కొబ్బరిచెట్ల దొడ్డి తప్ప మరో ఆధారం లేకుండా పుట్టింటికి వచ్చేసింది. మాది కోనసీమలో, ముక్తేశ్వరం రేవుకు రెండు మైళ్ళ లోపు ఉన్న ఊరు. మా పెరటి వైపు వసారా, దాన్ని ఆనుకుని ఒక చిన్న గది ఆమెవి. ఊళ్ళో చిన్నాపెద్దా, కులంతో పని లేకుండా, అందరూ ఆమెను ‘అత్తయ్యగారు’ అనే పిలిచేవారు. ఆమె అసలు పేరు నేను హైస్కూలుకు వెళ్ళేదాకా నాకు తెలియదు. అప్పటికి ఆ పేరు తెలిసిన పరాయివాడు పోస్ట్‌మాన్ ఒక్కడేనని నా అనుమానం.

పదకొండో రోజు సాయంత్రం రామాలయం అరుగు మీద సభ పెట్టారు. మొదట మాట్లాడిన ఇద్దరు పెద్దలూ నా కాగితంలో ఉన్న మాటలే, నాకంటే మంచి ఉచ్చారణతో, చెప్పి కూర్చున్నారు. జనం మర్యాదగా విన్నారు. ఆ తరువాత ఏటి మధ్య లంకలో ఉండే ఒకావిడ, యాభై ఏళ్ళు ఉంటాయేమో, ఎవరూ పిలవకుండానే లేచి నిలబడి, “నా తొలికాన్పుకి కాకినాడ అత్తయ్యగారే తీసుకెళ్ళారండి. నొప్పులకి తట్టుకోలేక ఇంటికెళ్ళిపోతానని ఏడిస్తే, ‘నోర్ముయ్, నీ మూలాన రేవులో నాలుగ్గంటలు కూర్చున్నాను, ఇక్కడిదాకా వచ్చి వెనక్కెళ్తానంటావా’ అని తిట్టేరండి. ఆ తిట్టుకి భయపడే కనేశానండి” అంది. అరుగంతా ఒక్కసారి నవ్వింది. వెంటనే ఆ నవ్విన వాళ్ళలో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. పదకొండు రోజులుగా మా ఇంట్లో వినబడని గొంతు ఆ తిట్టుతో అరుగు మీదికి వచ్చేసింది. నా కాగితంలో ఆ గొంతు లేదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు నేను 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద సంగతి చెప్పాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా ప్రాంతంలో ఇప్పటికీ వయసులు దాని నుంచే లెక్కపెడతారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. లంకల్లోని జనమంతా పశువులతో సహా ఏటిగట్టు మీదికి చేరారు. పైన వాన, కింద ఏరు. పిల్లలు రెండు పూటలుగా ఏమీ తినలేదు. వండడానికి బియ్యం ఇళ్ళ నుంచి సమకూరాయి గాని, అంతమందికి సరిపడే గుండిగలు రామాలయం పక్కనున్న గదిలో తాళం వేసి ఉన్నాయి. తాళంచెవి కమిటీ పెద్దమనిషి మొలతాడుకు ఉంది. ఆయన అమలాపురంలో చిక్కుకుపోయాడు. మగవాళ్ళందరూ ఆ గది ముందు నిలబడి, ఆయన వచ్చేదాకా ఆగడమా, మనిషిని పంపడమా అని తర్జనభర్జన పడుతున్నారు. మా అత్తయ్య గొడుగైనా లేకుండా వచ్చి, ఒక నిమిషం విని, వడ్రంగిని పిలిచి, “తాళం జోలికి వెళ్ళకు, అది ఆయనది. తలుపు బందులు ఊడదియ్, తలుపు ఊరందరిదీ” అంది. అతడు ఊడదీశాడు. తలుపు తాళంతో సహా గోడకు చేరగిల పెట్టారు. ఆ పూట గంజి, మరుసటి పూట అన్నం, ఆ తరువాత నాలుగు రోజులు పొయ్యి ఆరలేదు.

ఈ కథ ఇక్కడితో ఆపితే మళ్ళీ త్యాగమూర్తి కథే అవుతుంది. కాని దానికి తరువాయి ఉంది. వరద తీశాక కమిటీవారు ఆమెను సంజాయిషీ అడిగారు. ఆమె వడ్రంగి కూలి, కొత్త బందుల ఖరీదు ఒక కాగితం మీద రాసి, ఆ డబ్బు కొంగున కట్టుకుని వెళ్ళి, అరుగు మీద ఒక్కొక్క నాణెం లెక్కపెట్టి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా? “ఇంక తాళంచెవులు రెండు ఉండాలి, రెండోది మా ఇంట్లో ఉండాలి” అని పట్టుపట్టి, సాధించుకుని వచ్చింది. ఆ రెండో తాళంచెవి ఆమె పోయేదాకా ఆమె గదిలో మేకుకు వేలాడుతూనే ఉండేది. ముప్ఫై ఏళ్ళపాటు ఊళ్ళో ఏ పెళ్ళికైనా, ఏ చావుకైనా గుండిగల కోసం ఆమె దగ్గరికే వచ్చేవారు. మసి సరిగ్గా తోమకుండా తిరిగి తెచ్చినవాళ్ళను గుమ్మంలోనే వెనక్కి పంపేది.

కాకినాడ ఆసుపత్రి ప్రయాణాలు ఆమె జీవితంలో పెద్ద భాగం. అప్పట్లో మా వైపు నుంచి కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగాలి. అక్కడి నుంచి బస్సు. ఏటిలో నీరు పెరిగి పంటు ఆపేస్తే రావులపాలెం వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. 2004లో కోటిపల్లి నుంచి కాకినాడకు రైలు నడవడం మొదలయినప్పుడు, నా చిన్నప్పుడు ఇక్కడ రైలుకట్ట ఉండేదట, యుద్ధం కోసం పట్టాలు పీక్కుపోయారట అని ఆమె నాకు చెప్పింది. ఆ లైను 1928లో వేసి 1940లో తీసేశారు, అంటే అప్పటికి ఆమెకు మూడేళ్ళు. ఆ నలభై అయిదు కిలోమీటర్ల రైలు మొదటిసారి ఎక్కిన రోజున ఆమెకు రోగి ఎవరూ లేరు. ఊరికే ఎక్కింది, వెళ్ళింది, వచ్చింది. ఆమె తన కోసం చేసిన ప్రయాణం నాకు తెలిసి అదొక్కటే.

ఆసుపత్రికి వెళ్ళే సంచి ఎప్పుడూ సర్ది గుమ్మం వెనుక ఉండేది. అందులో ఉతికి మడతపెట్టిన పాత నూలు చీరల ముక్కలు, మూత బిగుతుగా ఉండే ఒక హార్లిక్స్ సీసా, రెండు స్టీలు గ్లాసులు, ఒక పెన్సిలు, చిల్లర నాణేలు మూటకట్టిన జేబురుమాలు, నాలుగు గిన్నెల క్యారేజీ ఉండేవి. ఆ నూలు ముక్కల్లోనే మా ఊళ్ళో దాదాపు ఒక తరం పిల్లలను మొదటిసారి చుట్టారు. ఏ చీటీ ఏ కిటికీ దగ్గర రాయించుకోవాలో, ఏ వార్డుకు ఏ మెట్ల మీదుగా వెళ్ళాలో, ఏ వేళకు పెద్ద డాక్టరు వస్తారో ఆమెకు కంఠతా వచ్చు. ఒకసారి ఒక ఆసుపత్రిలో, దాని పేరు ఇక్కడ అనవసరం, బాలింతకు మంచం ఇవ్వకుండా రెండు రోజులు వరండాలో నేల మీద పడుకోబెట్టారు. మా అత్తయ్య ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ వార్డు గుమ్మానికి అడ్డంగా తాను చాప వేసుకుని పడుకుంది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ ఆమెను దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి మంచం దొరికింది. ఇది నాకు ఆమె చెప్పలేదు, ఆ బాలింత తల్లి చెప్పింది. ఆమె తన గొప్పలు చెప్పుకునేది కాదని కాదు, బాగానే చెప్పుకునేది. కాకపోతే ఇది గొప్ప సంగతి అని ఆమెకు తోచినట్టు లేదు.

ఇక ఆమె స్వభావం. అష్టాచెమ్మాలో తొండి చేసేది. పట్టుకుంటే గవ్వలు కలిపేసి లేచిపోయేది. కాఫీ చల్లారితే తాగేది కాదు, మళ్ళీ కాచి ఇవ్వమని అడిగేది కూడా కాదు, గ్లాసును అలాగే గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేది. ఆ గ్లాసును చూసి తప్పు తెలుసుకోవలసిన బాధ్యత మనది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏటా వచ్చే చుట్టాలకు ముందుగా చాపలు, దిళ్ళు లెక్కపెట్టుకునేది. పదకొండు ఊళ్ళ నుంచి రుద్రులను మోసుకొచ్చే, వెదురుతో కట్టిన ప్రభలు తోటకు చేరే వేళకు మాత్రం వంట ఎవరికి అప్పగించైనా సరే వెళ్ళిపోయేది, అక్కడ తప్పిపోయిన పిల్లల్లో మేమూ ఉండేవాళ్ళం, ఆమె మమ్మల్ని వెతికేది కాదు, ప్రభలు చూసేది. కోపం వస్తే ఏళ్ళ తరబడి ఉండేది. మా చిన్న పిన్ని ఒక వేసవిలో ఆవకాయతో తీసుకువెళ్ళిన జాడీని తిరిగి ఇవ్వలేదని ఆరేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. ఆ ఆరేళ్ళూ పిన్ని వాటా ఆవకాయ మాత్రం వేరే జాడీలో పెట్టి, వాసెన కట్టి, మా చేత పంపేది.

ఆవకాయ ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట. ఏటా తొమ్మిది ఇళ్ళకు ఆవకాయ ఆమే పెట్టేది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు తెప్పించి, తెల్లవారుజామున నీళ్ళలో వేసి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, టెంకతో సహా కత్తిపీట మీద కొట్టించి, ముక్కకు అంటుకున్న జీడి పొరను చెంచా మొనతో గీకి తీసేది. ఆ పొర తీసే పని పిల్లలది. పొర మిగిలిన ముక్క ఆమెకు ఎలా తెలిసేదో గాని వందల ముక్కల్లోంచి దాన్ని ఏరి, అది వదిలినవాడి ముందు పెట్టేది. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి ముద్దలు చేసి, వరుసగా కూర్చున్న మా చేతుల్లో పెట్టేది. ఆఖరి ముద్ద ఎవరిదన్న పోటీ మాకు ఉండేది. ఆమె తిన్నదో లేదో చూసిన జ్ఞాపకం నాకు లేదు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. తెల్లవారాక చూస్తే మా అత్తయ్య దొడ్డిలో నలభై మూడు చెట్లకు పన్నెండు నిలబడి ఉన్నాయి. కొబ్బరి మొక్క పెట్టి దింపు తీయాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటికి ఆమెకు యాభై తొమ్మిది. అందరం వెళ్ళి అయ్యో అన్నాం. ఈ ఆరేడేళ్ళు ఎలా గడుపుతావు అని మాత్రం, ఉద్యోగంలో చేరిన నాతో సహా, ఎవ్వరం అడగలేదు. అత్తయ్య అంటే ఇచ్చే మనిషి అని మాకు అలవాటైపోయింది. ఆమె రెండు నెలలు చూసింది. మూడో నెలలో అమెరికా వెళ్ళే పిల్లలకు పంపించే ఇళ్ళవారికి సున్నుండలు, జంతికలు, ఆవకాయ చేసి అమ్మడం మొదలుపెట్టింది. మా నాన్నగారికి అది తలవంపుగా తోచింది. ఒకరోజు వసారాలోకి వెళ్ళి, “మన ఇంటి ఆడపడుచు పిండివంటలు అమ్ముకోవడం ఏమిటక్కా” అన్నారు. ఆమె బూరెల మూకుడు మీది నుంచి తల ఎత్తకుండా, “ఊరికే పెట్టినన్నాళ్ళూ రాని నామోషీ, డబ్బులు పుచ్చుకుంటే వచ్చిందా తమ్ముడూ?” అంది. నాన్నగారు మరి ఆ మాట ఎత్తలేదు. ఆ డబ్బుతోనే ఆమె కొత్త మొక్కలు వేయించింది. మిగిలిన దానితో ఆసుపత్రి సంచిలో చిల్లర మూట బరువెక్కింది.

నేను సభలో చెప్పిన చివరి సంగతి నా పెళ్ళిది. 2001లో అన్నవరంలో జరిగింది. నన్ను ఐదో ఏట నుంచీ పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన మనిషి, ఆ పెళ్ళికి అప్పడాలు, వడియాలు, చుట్టాల బసలు, బియ్యం, బెల్లం అన్నీ చూసుకున్న మనిషి, మంగళసూత్రం వేళకు వంటశాల గుమ్మంలో నిలబడింది. భర్త లేని మనిషి పీటల దగ్గరికి రాకూడదని ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరం కూడా లేదు, ఆమే వెనక్కి తగ్గింది. అక్షింతలు వేయమని ఎవరూ పిలవలేదు. పీటల మీది నుంచి నాకు ఆమె కనబడుతూనే ఉంది, నేనూ పిలవలేదు. ఇది చెప్పినప్పుడు అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. మా నాన్నగారు తల దించుకున్నారు. చెప్పడం సబబేనా అని నన్ను తరువాత ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆమె ఎంత మంచిదో చెప్పి, మనం ఆమె పట్ల ఎలా ఉన్నామో దాచిపెడితే, ఆ సభ ఆమె కోసం కాక మన కోసం పెట్టుకున్నట్టు అవుతుందని నా ఉద్దేశం. మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు; ఇలాంటిది ఏదైనా ఉంటే చెప్పాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి.

సభ అయిపోయిన వారానికి ఆమె గది సర్దుతుంటే, ఉత్తరాలు గుచ్చే ఇనుప తీగ ఒకటి దొరికింది. కొక్కెం దగ్గర నుంచి అడుగుదాకా అన్నీ పోస్టుకార్డులే. కాకినాడలో టీచరుగా చేసి 2011లో పోయిన ఆమె చిన్ననాటి స్నేహితురాలు రాసినవి. ఆసుపత్రి ప్రయాణాల్లో మా అత్తయ్య రాత్రిళ్ళు తలదాచుకున్నది ఆవిడ ఇంట్లోనే. కార్డుల్లో ఎక్కువ భాగం చింతపండు ధర, మోకాళ్ళ నొప్పి, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది అన్న సంగతులే. 1998 నాటి ఒక కార్డులో మాత్రం ఇలా ఉంది: “నీ కార్డు అందింది. ఒక్క వారం ఎవరైనా వండి వడ్డిస్తే కూర్చుని తినాలని ఉంది అని రాశావు. దసరాకు రా. పది రోజులు నిన్ను వంటింటి గడప తొక్కనివ్వను.” మా అత్తయ్య అలాంటి మాట రాసిందంటే మాకెవరికీ నమ్మబుద్ధి కాలేదు. మాతో ఏనాడూ అనలేదు. ఆ దసరాకు మా చెల్లెలు పురిటికి వచ్చింది. అత్తయ్య కాకినాడ వెళ్ళలేదు. ఆ కార్డు సభకు ముందు నా చేతికి వచ్చి ఉంటే, వరద కథ కూడా మానేసి దాన్ని ఒక్కదాన్నే చదివేవాణ్ణి.

అందుచేత మీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆదివారంలోగా మీ అత్తయ్యగారి గది, పెట్టె, పుస్తకాల మధ్య మడతలు చూడండి. చుట్టాలకు ఫోన్ చేసినప్పుడు “ఆవిడ ఎలాంటి మనిషి” అని అడగకండి. అడిగితే దేవత అంటారు. “ఆవిడ మిమ్మల్ని ఎప్పుడు తిట్టారు, ఎందుకు తిట్టారు” అని అడగండి. కుటుంబం బయటివారిని, ముఖ్యంగా ఆవిడ చేతి సాయం పొందినవారిని, అడగడం మరచిపోకండి, వారికి గుర్తున్నంత మనకు ఉండదు. ఐదు నిమిషాలకు ఒక్క సంఘటన చాలు. రెండు పెడితే రెండూ పలచబడతాయి. నేను రెండు పెట్టాను, కొంత పలచబడింది.

ఆవిడతో మాటలు లేనివారు ఎవరైనా ఉంటే వారికీ ఫోన్ చేయండి. మా చిన్న పిన్నికి నేను చేయలేదు, అత్తయ్యతో ఎప్పుడో మాటలు కలిశాయి గదా అనుకున్నాను. సభ ముగిసి అందరూ లేచాక ఆవిడ ఒక గుడ్డసంచి పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. అందులోంచి ఆ జాడీ తీసింది. మూతి దగ్గర పెచ్చు ఊడి ఉంది. “పగిలిందని చెబితే తిడుతుందని దాచాను. ఇరవై ఏళ్ళు దాచాను” అని దాన్ని అత్తయ్య జాడీలు ఉండే అలమారులో, ఖాళీగా ఉన్న చోట పెట్టి, పమిటతో ఒకసారి తుడిచి, బయటికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.